వైన్ క్లబ్బులో చేరాలా? ముందు మీ గ్లాసులు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: మేమిద్దరం వైన్ గురించి పెద్దగా తెలిసినవాళ్లం కాదు. శుక్ర, శనివారాల్లో రాత్రిపూట తలా ఒక గ్లాసు తాగుతాం. స్నేహితులు వస్తే ఇంకాస్త. ఈమధ్య మావారి ఫోన్ తెరిస్తే చాలు, వైన్ క్లబ్బుల ప్రకటనలే. వెతికి వెతికి మూడు దగ్గర ఆగాం. మొదటిది, ఏవో ప్రశ్నలడిగి మన రుచికి తగ్గట్టు నెలనెలా 6 సీసాలు పంపుతుంది. తొలి పెట్టె సగం ధర కంటే తక్కువే. రెండోదాంట్లో నెలనెలా కొంత డబ్బు మన ఖాతాలో జమవుతుంటే, దాంతో సభ్యుల ధరకి కొనుక్కోవచ్చు. మూడోది, సెలవుల్లో చూసొచ్చిన ఒక వైనరీ నడిపే సొంత క్లబ్బు. "నచ్చకపోతే కాన్సిల్ చేసేద్దాం, పోయేదేముంది" అంటారాయన. కార్డు నంబరు ఇచ్చాక అదొక టెన్షన్ అని నా భయం. మాలాంటివాళ్లకి వీటిలో ఏది మేలు? పనిలో పనిగా, మా తమ్ముడికి ఇలాంటి చందా ఒకటి గిఫ్టుగా ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు:

మూడింట్లో ఏది మేలో చెప్పేముందు, మీ ఉత్తరంలోనే ఉన్న ఒక లెక్క చూద్దాం. వారానికి రెండు రాత్రులు, తలా ఒక గ్లాసు. అంటే వారానికి 4, నెలకి సుమారు 17 గ్లాసులు. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకి 150 చొప్పున పోస్తే 5 గ్లాసులు వస్తాయి. ఆ లెక్కన మీ ఇద్దరికీ నెలకి మూడున్నర సీసాలు చాలు. స్నేహితులు వచ్చిన నెలలో నాలుగు అనుకుందాం. క్లబ్బు పంపేది 6, అంటే 30 గ్లాసులు. నెలకి రెండేసి సీసాలు మిగిలినా ఏడాది తిరిగేసరికి ఇంట్లో 24 సీసాలు పేరుకుంటాయి. అప్పుడు వాటిని ఎంత డిస్కౌంట్‌లో కొన్నాం అన్నది ఎవరికీ గుర్తుండదు, ఎక్కడ పెట్టాలన్నదే సమస్య.

అందుకే మీలాంటివాళ్లు క్లబ్బుల్ని వైన్ చూసి కాకుండా వేగం చూసి పోల్చుకోవాలంటాను. నెమ్మదిగా పంపమంటే పంపుతుందా? ఈ నెల వద్దంటే ఊరుకుంటుందా? ఇక చాలంటే మారు మాట్లాడకుండా వదిలేస్తుందా? ఈ మూడు ప్రశ్నలకీ నీళ్లు నమిలే క్లబ్బులో ఎంత గొప్ప వైన్ ఉన్నా అప్పుడప్పుడు తాగేవాళ్లకి అది తలనొప్పే. రోజూ తాగేవాళ్లూ, నేలమాళిగలో సీసాలు దాచుకునేవాళ్లూ వేరే రకంగా పోల్చుకుంటారు. వాళ్ల లెక్క మీకు పనికిరాదు. ఇంటర్నెట్‌లో కనిపించే "టాప్ టెన్ క్లబ్బులు" జాబితాల్లో ఎక్కువ భాగం వాళ్ల కోసం రాసినవే. పైగా, ఆ జాబితాలోని లింకు నొక్కి ఎవరైనా చేరితే చాలాసార్లు రాసినవాళ్లకి కమీషన్ ముడుతుంది. చదివేటప్పుడు అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో 1926లో హ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ పేరు వినే ఉంటారు. ఈ నెల పుస్తకం వద్దు అని కార్డు మీద రాసి వెనక్కి పంపకపోతే పుస్తకం వచ్చేసేది, బిల్లూ వచ్చేసేది. మనిషి బద్ధకం మీద నడిచే బండి అది. కార్డు పోస్టులో వేయడం మరిచిపోయినవాళ్ల స్థానంలో ఇప్పుడు యాప్ తెరిచి "స్కిప్" నొక్కడం మరిచిపోయినవాళ్లున్నారు. మీవారు "పోయేదేముంది" అన్నారు చూడండి, సరిగ్గా ఆ మాట అనేవాళ్ల మీదే ఈ లెక్కంతా ఆధారపడి ఉంటుంది. మొదటి పెట్టె మీద కంపెనీ చాలాసార్లు నష్టపోతుంది. తెలిసే నష్టపోతుంది. మూడో పెట్టెకో నాలుగో పెట్టెకో ఆ నష్టం పూడుతుందని వాళ్ల అంచనా.

మొదటి పెట్టె ధర పక్కనపెట్టి, మూడు పెట్టెల సగటు చూడండి. సీసా మామూలు ధర 100 అనుకుందాం, ఏ డబ్బయినా సరే. తొలి పెట్టెలో 40 పడింది, తర్వాతి రెండింట్లో 100 చొప్పున పడింది. సగటు 80. దాని మీద డెలివరీ, పన్ను కలిపితే 90 దాటినా దాటొచ్చు. తొలి పెట్టెకి డెలివరీ ఉచితం, తర్వాత కాదు అనే షరతు మామూలే. మొత్తం బిల్లుని సీసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అసలు ధర. సైటు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ అంకె కాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మామూలు ధర 100 అని మనం అనుకున్నాం సరే, అది 100 అని చెప్పిందెవరు? క్లబ్బే. చాలా క్లబ్బులు, ముఖ్యంగా క్విజ్ పెట్టేవి, పంపే సీసాల్లో చాలావాటి మీద వాళ్ల సొంత బ్రాండు లేబుల్ ఉంటుంది. ఆ పేరుతో ఆ వైన్ బయట ఏ షాపులోనూ దొరకదు. దొరకనప్పుడు పోల్చి చూసే వీలూ లేదు. కొట్టివేసిన ధర పక్కన తగ్గించిన ధర చూపిస్తే నమ్మడం తప్ప చేసేదేమీ లేదు. ఇలాంటి లేబుల్ వెనక ఉన్న వైన్ చాలాసార్లు టోకున కొన్నది. ఒక కంటైనర్లో పట్టే పెద్ద ప్లాస్టిక్ సంచిలో సుమారు 24,000 లీటర్లు పోసి ఓడ మీద పంపుతారు. అంటే 32,000 సీసాల వైన్. దాన్ని ఇంకో దేశంలో సీసాల్లో నింపి, ఒక అందమైన పేరు పెట్టి, నక్కనో గుడ్లగూబనో బొమ్మ వేస్తారు.

టోకు వైన్ అంటే చెడ్డదని కాదు నా ఉద్దేశం. బాగా చేసినదైతే శుక్రవారం గ్లాసుకి హాయిగా సరిపోతుంది. కానీ అది టోకు వైన్ ధరలో ఉండాలి, పేరున్న ఎస్టేట్ ధరలో కాదు. తేడా పట్టుకోవడానికి సీసా వెనక్కి తిప్పండి. అమెరికా లేబుళ్ల మీద "ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై" అని ఉంటే, అందులో కనీసం 75 శాతం వైన్‌ని ఆ పేరున్నవాళ్లే పులియబెట్టారని అర్థం. "సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై" అనో "వింటెడ్ అండ్ బాటిల్డ్ బై" అనో ఉంటే ఆ హామీ లేదు, ఎవరో చేసినదాన్ని కొని నింపి ఉండొచ్చు. ఫ్రెంచి సీసా మీద "మి ఆన్ బుతేయ్ ఓ షాతో" అన్న వాక్యం ఉంటే ఆ ఎస్టేట్‌లోనే సీసాలో నింపారన్నమాట. చేరకముందే క్లబ్బు సైటులో ఏవైనా అయిదు సీసాల పేర్లు తీసుకుని వెతికి చూడండి. ఒక్కటీ బయట ఎక్కడా అమ్మకానికి కనిపించకపోతే, డిస్కౌంట్ శాతాలన్నిటినీ పక్కన పెట్టేసి, "ఈ డబ్బుకి షాపులో నాకేం వస్తుంది?" అని మాత్రమే అడగండి.

పతకాల స్టిక్కర్ల సంగతి కూడా చెప్పాలి. గోల్డ్ మెడల్ అని మెరిసే బిళ్ల చూసి మోజుపడకండి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఒక విశ్రాంత ప్రొఫెసర్, స్వయంగా వైన్ తయారుచేసేవారు, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఒక పరీక్ష పెట్టించారు. న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోంచి ఒకే వైన్‌ని మూడుసార్లు, వేరే వైన్ల మధ్య కలిపి, చెప్పకుండా పోశారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి పతకం ఇచ్చినవాళ్లు పదిమందిలో ఒక్కరే. మిగతావాళ్ల మార్కులు అటూ ఇటూ ఊగాయి. అనుభవం ఉన్న నాలుకలే అలా ఊగితే, ఏ పోటీలో ఎవరిచ్చారో తెలియని పతకాన్ని చూసి మనం సీసా ఎంచుకోవడంలో అర్థం లేదు.

ఇక మీ మూడు క్లబ్బుల దగ్గరికి వద్దాం.

వైనరీ క్లబ్బుని ముందు తేల్చేస్తాను, అది తేలిక. చేరకండి. వేగం విషయంలో అది మీకు సరిపోయేదే. సాధారణంగా ఏడాదికి రెండు నుంచి నాలుగు పెట్టెలే పంపుతారు. కానీ అన్నీ ఒకే చేతి వంట. ఆ తోటలో ఏ ద్రాక్ష పండితే అదే, ప్రతి ఏడాదీ అదే. మీకింకా ఏది ఇష్టమో తెలియని దశలో ఒకే ఇంటికి కట్టుబడటం తొందరపాటు. వైనరీల్లో రుచి చూపించే గదిలో వరసగా నాలుగైదు రకాలు పోస్తారు. అక్కడి గాలి, కిటికీలోంచి తోట, పోసేవాళ్ల కబుర్లు, అన్నీ కలిసి నాలుగో గ్లాసుకి ఏదైనా బాగానే ఉంటుంది. ఫారం చేతికిచ్చేది అప్పుడే. ఆ వైన్ నిజంగా నచ్చి ఉంటే ఒకటి రెండు సీసాలు విడిగా తెప్పించుకుని ఇంట్లో మామూలు శుక్రవారం తాగి చూడండి. అప్పుడూ అంతే నచ్చితే మళ్లీ రెండు తెప్పించుకోండి, సభ్యత్వం లేకపోయినా అమ్ముతారు.

డబ్బు జమచేసే క్లబ్బు కొంచెం ఆలోచించాల్సిన రకం. ఈ పద్ధతికి పేరు తెచ్చింది నేకెడ్ వైన్స్ అనే కంపెనీ. రోవన్ గోర్మ్‌లీ 2008లో బ్రిటన్‌లో మొదలుపెట్టారు. సభ్యుల్ని అక్కడ "ఏంజెల్స్" అంటారు. వాళ్లు నెలనెలా జమచేసే సొమ్ముతో చిన్న వైన్ తయారీదార్లకి ముందుగా పెట్టుబడి అందుతుంది, బదులుగా సభ్యులకి తక్కువ ధరకి వైన్ వస్తుంది. ఆలోచన బాగుంది. మీలాంటివాళ్లకి ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే నెలనెలా పెట్టె గుమ్మంలోకి రాదు. డబ్బు ఖాతాలో ఉంటుంది, మీకు కావాల్సినప్పుడు, కావాల్సిన సీసాలు మీరే ఏరుకుంటారు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. సీసాలకి బదులు డబ్బు పేరుకుంటుంది. కంటికి కనిపించదు కాబట్టి అదింకా తేలిగ్గా మరిచిపోతాం. ఆరు నెలల తర్వాత చూస్తే ఖాతాలో మంచి మొత్తం ఉంటుంది, "ఎలాగూ ఉంది కదా" అని ఒకేసారి డజను సీసాలు కొనేస్తాం. మళ్లీ మొదటికే వచ్చాం. ఇలాంటి క్లబ్బులో చేరేముందు మూడు సంగతులు చదివి తెలుసుకోండి. జమచేసిన సొమ్ము మొత్తం వెనక్కి తీసుకోవచ్చా, తీసుకుంటే ఎన్నాళ్లకి వస్తుంది, ఒక్కో ఆర్డరులో కనీసం ఎన్ని సీసాలు కొనాలి. మూడోది చాలామంది చూడరు. కనీసం 6 లేదా 12 అని షరతు ఉంటే, "కావాల్సినప్పుడు కొనుక్కోవచ్చు" అన్న మాటకి అంత విలువ లేదు.

ఇంకో మాట. ఇలాంటి ఏ కంపెనీ దగ్గరైనా పెద్ద మొత్తం నిల్వ ఉంచకండి. వింక్ అని అమెరికాలో బాగా పేరున్న వైన్ చందా కంపెనీ ఉండేది. 2012 ప్రాంతంలో క్లబ్ డబ్ల్యూ పేరుతో మొదలైంది. 2021 నవంబరులో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. ఏడాది తిరక్కుండానే కష్టాల్లో పడి 2022 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత ఎవరో కొనుక్కున్నారు, అది వేరే సంగతి. మీ డబ్బు బ్యాంకులో ఉన్నట్టు వైన్ క్లబ్బులో ఉండదని చెప్పడానికే ఇది చెప్పాను. ఒక ఆర్డరుకి సరిపడా ఉంటే చాలు, అంతకు మించితే జమ ఆపేయండి.

మిగిలింది క్విజ్ క్లబ్బు. మీవారి మనసు దీని మీదే ఉన్నట్టుంది, ఆ తొలి పెట్టె ధర వల్ల. కాఫీ పాలతోనా, పాలు లేకుండానా? పుల్లటి పళ్లు ఇష్టమా? ఇలాంటి అయిదారు ప్రశ్నలడిగి "మీ రుచి మాకు తెలిసిపోయింది" అంటారు. అంత తేలిగ్గా ఏమీ తెలియదు. చేదు కాఫీ తాగేవాళ్లందరికీ వగరు వైన్ నచ్చాలని లేదు. అయినా ఈ రకం క్లబ్బులో మీకు పనికొచ్చేది ఒకటుంది. సీసా తాగాక మీరిచ్చే మార్కులు. క్విజ్ కంటే ఆ మార్కులే ఎక్కువ చెప్తాయి, కంపెనీకీ, మీకూ.

కాకపోతే "బాగుంది", "బాలేదు" అని నక్షత్రాలిచ్చి వదిలేస్తే ప్రయోజనం లేదు. నాలుగు విషయాలు గమనించండి చాలు. తీపి ఎంత? పులుపు ఎంత, అంటే మింగాక నోట్లో నీళ్లూరాయా? వగరు ఎంత, అంటే నాలుక, చిగుళ్లు ఎండినట్టు పట్టేశాయా? ఇక నోట్లో నీళ్లలా పల్చగా ఉందా, పాలలా చిక్కగా ఉందా? వగరు ఎక్కువగా రెడ్ వైన్లలోనే ఉంటుంది, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగుతుంది. కాబెర్నే సావిన్యాన్ తాగి "నోరు పట్టేసింది, నాకొద్దు" అనుకున్నవాళ్లకి పినో న్వార్ హాయిగా ఉండొచ్చు, దాని తొక్క పల్చన కాబట్టి వగరు తక్కువ. తెల్ల వైన్లలో సావిన్యాన్ బ్లాంక్ మరీ పుల్లగా తోస్తే ఓక్ పీపాలో ఉంచిన షార్డనే చూడండి, నోటికి మెత్తగా ఉంటుంది. రీస్లింగ్ అయితే పూర్తిగా డ్రై, అంటే తీపి లేనిదాని నుంచి తియ్యటిదాకా అన్ని రకాలూ వస్తుంది, లేబుల్ చూడకుండా తెరిస్తే ఆశ్చర్యపోతారు.

ఒక్కో సీసాకి ఫోన్‌లో ఒక లైను రాసుకోండి. ద్రాక్ష పేరు, దేశం, పైన చెప్పిన నాలుగింట్లో ఏది ఎక్కువైందో. ఎనిమిది, పది సీసాల తర్వాత ఆ లైన్లు వరసగా చదివితే మీ ఇష్టం మీకే కనబడుతుంది. మీకు తక్కువ వగరు, మధ్యస్థం పులుపు అని తేలిందనుకోండి. ఇక ఏ షాపుకి వెళ్లినా ఆ ఒక్క మాట చెప్తే చాలు, నిలబడ్డవాళ్లు సరైన అర దగ్గరికి తీసుకెళ్తారు. అప్పుడు ఇంక క్లబ్బు అవసరమే ఉండకపోవచ్చు. క్లబ్బులు ఈ సంగతి పైకి చెప్పవనుకోండి.

కాబట్టి చేరితే ఇలా చేరండి. నెలనెలా కాకుండా రెండు నెలలకో మూడు నెలలకో ఒక పెట్టె పంపే వీలుందా చూడండి. 6కి బదులు 3 లేదా 4 సీసాల పెట్టె ఉందా చూడండి. రెండు నెలలకి 6 వస్తే మీ వాడకంలోనే సర్దుకుంటుంది, ఇంకా ఒక సీసా షాపులో కొనుక్కోవడానికి చోటుంటుంది. తొలి పెట్టె తక్కువ ధరకి తీసుకుని తర్వాతిది స్కిప్ చేయడం మోసమేమీ కాదు. వాళ్లే పెట్టిన ఆఫరు, మొహమాటం అక్కర్లేదు. "కనీసం మూడు పెట్టెలు తీసుకోవాలి" అనే షరతు మాత్రం చిన్న అక్షరాల్లో ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ క్లబ్బు వద్దు, తొలి పెట్టె ఎంత చవకైనా సరే.

మీ కార్డు భయం గురించి. అది అనవసరమైన భయం కాదు, మీరన్నదే నిజం. అయితే దాన్ని తేల్చుకోవడానికి చేరాల్సిన పని లేదు. చేరకముందే ఆ సైటు సహాయం పేజీలో "కాన్సిల్" అని వెతకండి. ఖాతాలోనే ఒక బటను ఉంటుందని రాసి ఉంటే మంచిది. ఫోన్ చేయాలి, ఫలానా వేళల్లోనే చేయాలి, లేదా చాట్‌లో ఒకరితో మాట్లాడాలి అని ఉంటే, ఆ ఒకరి ఉద్యోగమే మిమ్మల్ని ఆపడమని అర్థం. "ఒక నెల ఆపండి చాలు, ఇంకో సగం ధర ఇస్తాం" అని మొదలుపెడతారు. మీవారు అలాంటి ఫోను పెట్టేయగలరా? ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

చేరిన రోజే ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి. పెట్టె వచ్చే తేదీకి కాదు, డబ్బు కట్ అయ్యే తేదీకి నాలుగైదు రోజుల ముందుకి. రెండు తేదీల మధ్య తరచూ వారం పైనే ఉంటుంది, పెట్టె బయల్దేరాక స్కిప్ నొక్కితే లాభం లేదు. స్కిప్ ఎన్నిసార్లైనా చేయొచ్చా, వరసగా రెండుసార్లేనా అన్నది కూడా చూడండి. మొదటి నెలలోనే ఒకసారి స్కిప్ నొక్కి చూడమని సలహా. అది ఎంత తేలిగ్గా జరిగిందో చూస్తే, ఆ క్లబ్బు మిమ్మల్ని ఎలా చూడబోతోందో తెలిసిపోతుంది.

డెలివరీ సంగతి తక్కువగా చూడకండి. మందు కాబట్టి చాలాచోట్ల వయసు నిండినవాళ్లెవరో సంతకం పెట్టి తీసుకోవాలి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండకపోతే పెట్టె గోదాముకి తిరిగెళ్తుంది, మళ్లీ వస్తుంది. వేసవిలో ఆ వ్యాను ఎండలో నిలబడి ఉంటుంది. వైన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని గంటలున్నా దెబ్బతినడం మొదలవుతుంది. బిరడా కొంచెం పైకి లేచి ఉండటం, సీసా మెడ దగ్గర జిగటగా కారిన మరక, ఉడికించిన పళ్ల రసంలాంటి రుచి, ఇవి గుర్తులు. అలా వస్తే ఫోటో తీసి డబ్బు వాపసు అడగండి. ఎండాకాలంలో పెట్టెలు ఆపి ఉంచే వీలున్న క్లబ్బు మంచిది. మీరుండే చోటికి చట్టప్రకారం పంపగలరా అన్నది కూడా ముందే చూసుకోవాలి. అమెరికాలోనైతే ఇది రాష్ట్రానికో తీరు. సొంత రాష్ట్రం వైనరీలని పంపనిచ్చి బయటివాళ్లని ఆపకూడదని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చినా, రూల్స్ ఇప్పటికీ ఒకేలా లేవు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది వేడి వల్ల కాదు, బిరడా వల్ల. టీసీఏ అనే రసాయనం సూక్ష్మంగా ఉన్నా ఆ వాసన పట్టేస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు, రుచి మాత్రం పోయినట్టే. మీకు వైన్ తెలియదని మొహమాటపడి అలాంటి సీసా తాగేయకండి. ప్రశ్నలు వేయకుండా మార్చి ఇచ్చే క్లబ్బే క్లబ్బు.

మీరు అడగలేదు గానీ, వారాంతం తాగేవాళ్ల అసలు సమస్య ఆ అయిదో గ్లాసు. శుక్రవారం రెండు, శనివారం రెండు, సీసాలో ఒకటి మిగులుతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే, రెడ్ అయినా సరే, మూడు నుంచి అయిదు రోజులు బాగానే ఉంటుంది. వచ్చే శుక్రవారం దాకా ఆగదు. నురగ వచ్చే వైన్ ఇంకా తొందరగా నీరుగారిపోతుంది. ఒక చిట్కా ఉంది. మూత తిప్పే 375 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి కడిగి ఉంచుకోండి. పెద్ద సీసా తెరవగానే, తాగడం మొదలెట్టకముందే, చిన్నదాన్ని మెడదాకా నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల గాలికి చోటుండదు కాబట్టి వారం పైన నిలుస్తుంది. కొన్ని క్లబ్బులు సగం సీసాలు, చిన్న టేస్టింగ్ సీసాలు కూడా పంపుతాయి. మిల్లీలీటరు లెక్కన అవి ఖరీదే, అయినా పారబోసే వైన్ కంటే నయం.

"క్లీన్ వైన్", "చక్కెర లేనిది", "సల్ఫైట్లు లేనిది" అని అమ్మే క్లబ్బుల మీద ఎక్కువ మాటలు వృథా. సల్ఫైట్లంటే వైన్ చెడకుండా కాపాడే గంధక లవణాలు, పులిసేటప్పుడే కొన్ని వాటంతటవే పుడతాయి. డ్రై వైన్ ఏదైనా సరే, అందులో మిగిలే చక్కెర లీటరుకి కొన్ని గ్రాములే. మామూలుగా ఉన్నదాన్నే గొప్పగా చెప్పి ఎక్కువ వసూలు చేయడం అది. ఆరోగ్యం మాటకొస్తే, మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మీ నాలుగు గ్లాసులు మానమని నేను చెప్పను, అది మీ ఇష్టం. కానీ ఇంట్లో 20 సీసాలుంటే ఆ నాలుగు గ్లాసులు ఆరు గ్లాసులు కావడానికి ఎంతోసేపు పట్టదు. మీకు నెమ్మది క్లబ్బు కావాలనడానికి అది కూడా ఒక కారణం.

అసలు క్లబ్ అంటే నెలనెలా పెట్టె రావాలనేం లేదు. బ్రిటన్‌లో ది వైన్ సొసైటీ 1874 నుంచి నడుస్తోంది. లండన్‌లో జరిగిన ప్రదర్శన తర్వాత రాయల్ ఆల్బర్ట్ హాల్ నేలమాళిగల్లో మిగిలిపోయిన పోర్చుగీసు వైన్ పీపాల్ని అమ్మిపెట్టడంతో మొదలైంది. ఒక్కో సభ్యుడు ఒక్కో షేరు కొనుక్కుంటాడు, సంస్థ సభ్యులదే. ఏడాదంతా ఏమీ కొనకపోయినా అడిగేవాళ్లు లేరు. మీరుండే చోట అలాంటిది ఉన్నా, లేదా రకరకాల సీసాలు ఆరు కలిపి తీసుకుంటే ధర తగ్గించే షాపున్నా, చందా కంటే అదే నా మొదటి ఓటు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే పెట్టె తెప్పించుకుని పంచుకున్నా బాగుంటుంది. ఒక్కొక్కరికి రెండేసి సీసాలు, కొత్త రకాలు, పేరుకుపోవడం లేదు.

మీవారికి సరదాగా ఉంది కాబట్టి పూర్తిగా వద్దనను. క్విజ్ క్లబ్బులో, రెండు నెలలకో పెట్టె లెక్కన, కనీస షరతు లేకపోతేనే చేరండి. తొలి పెట్టె, ఇంకో పెట్టె, పన్నెండు సీసాలు. అన్నిటికీ ఒక్కో లైను రాసుకోండి. రెండో పెట్టెలో ఆరింటిలో నాలుగైనా నచ్చితే కొనసాగించండి, లేదంటే ఆపేయండి. ఆపే పని ఆయనదే అని ముందే ఒప్పించుకోండి, "కాన్సిల్ చేసేద్దాం" అన్నది ఆయనే కదా.

మీ తమ్ముడి గిఫ్టు గురించి. ఇవ్వొచ్చు, కానీ గడువున్న గిఫ్టే కొనండి. మూడు పెట్టెలు అంటే మూడే వచ్చి దానంతట అదే ఆగిపోవాలి. కొన్నిచోట్ల గిఫ్టు అందుకున్నవాళ్లు "యాక్టివేట్" చేసుకునేటప్పుడు వాళ్ల కార్డు నంబరు కూడా అడుగుతారు, గడువు తీరాక చందా వాళ్ల పేరున సాగుతుంది. కొనేముందు కస్టమర్ కేర్‌కి ఒక మెయిలు పెట్టి ఈ ఒక్క విషయం రాతపూర్వకంగా అడగండి. పగటిపూట సంతకం పెట్టడానికి ఇంట్లో ఎవరుంటారో తమ్ముణ్ణి అడిగి, అవసరమైతే ఆఫీసు అడ్రసివ్వండి. ముందే చెప్తే సర్‌ప్రైజ్ పోతుందనుకుంటే, తలుపు మీద "డెలివరీ కుదరలేదు" అని అంటించిన చీటీయే అతనికి సర్‌ప్రైజ్ అవుతుంది.